బూడిద మీద చీమలు

మావారికి షుగర్ ఉన్న సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు చీమలకు తెలిసింది. పదిహేడేళ్ళ కిందటి మాట. మా దొడ్లో కొబ్బరిచెట్టు పక్కన ఊక బూడిద కుప్ప ఉండేది, ఇప్పటికీ ఉంది. గిన్నెలు తోముకోవడానికీ, నారుమడిలో చల్లడానికీ రైసుమిల్లు నుంచి ట్రాక్టరు మీద తెప్పించి పోయిస్తాం. మావారు పొద్దున్నే లేచి ఆ కుప్ప అంచున ఒంటికి పోసి, పళ్ళు తోముకుని, మళ్ళీ వెళ్ళి వంగి చూసేవారు. వాళ్ళ నాన్నగారు నేర్పిన పరీక్ష అది. బూడిద మీద ఎర్రచీమ పాకితే ఇట్టే కనిపిస్తుంది. చీమ పట్టకపోతే ఆ రోజుకి ఆరోగ్యం బాగున్నట్టు. ఒక పొద్దున చీమలు పట్టాయి. ఆ సాయంత్రమే ముదినేపల్లి వెళ్ళి రక్తం ఇచ్చి వస్తే, చీమలు చెప్పిందే కాగితం మీద రాసి ఇచ్చారు.

నా పేరు రత్నమాణిక్యం. నాకు నోరెక్కువని ఊళ్ళో పేరు. ఉన్నమాటే లెండి. మావారు ఈశ్వరప్రసాద్ ఎనిమిదెకరాల వరి చేసే మనిషి, మాట తక్కువ. ఆయన మాట్లాడాల్సినవి కూడా నేనే మాట్లాడేస్తానని మా అమ్మాయి తేజశ్రీ ఎగతాళి చేస్తుంది. దాన్ని తాడేపల్లిగూడెంలో ఇచ్చాం. అల్లుడు వేలు గుచ్చుకుని చూసుకునే మిషను కొనిచ్చాక కూడా ఆయన బూడిద దగ్గరికి వెళ్ళడం మానలేదు.

"ఈ దిక్కుమాలిన పరీక్షేంటండీ, మిషనుందిగా!" అని కసిరేదాన్ని.

"బ్యాటరీ అయిపోతే అది తిక్కతిక్కగా చూపిస్తుంది మాణిక్యం. చీమకి బ్యాటరీ ఏముంది చెప్పు?" అనేవారు.

కసిరానే గాని నాకూ ఆ చీమలంటే మిషను కంటే ఎక్కువ గురి. అందుకు కారణం మా మావయ్యగారు.

నేను కాపురానికి వచ్చిన మూడో ఏడు మావయ్యగారు, అంటే సుందరరామయ్యగారు, మంచం పట్టారు. కాలి బొటనవేలు పుండు పడి మానలేదు. చీమలు మొదట బూడిద దగ్గరే ఆగేవి. తర్వాత అరుగెక్కాయి. ఆ తర్వాత మంచం కోళ్ళెక్కాయి. అత్తయ్యగారు నాలుగు కోళ్ళ కిందా నాలుగు గిన్నెలు పెట్టి నీళ్ళు పోయించారు. ఆ గిన్నెలు కడిగే పని నాది. ముందు వెళ్ళినవి నీళ్ళలో పడి చచ్చేవి, వెనక వచ్చేవి చచ్చినవాటి మీదుగా నడిచి ఎక్కేవి. పూటకోసారి నీళ్ళు మార్చడం మొదలుపెడితే, అవి గోడెక్కి, దూలమెక్కి, అక్కణ్ణుంచి సరిగ్గా ఆయన దుప్పటి మీదకి రాలడం మొదలుపెట్టాయి. కుట్టేవి కావు. ఏదో పనున్నట్టు వరసగా నడిచేవి, అంతే. మావయ్యగారు కళ్ళు మూసుకునే "ఎందాకా వచ్చాయమ్మా?" అని అడిగేవారు. "ఎక్కడా లేవండి మావయ్యగారూ" అని అబద్ధం చెప్పేదాన్ని. ఆయన చూపుడువేలు మీదుగా అవి వెళుతుండగా కూడా అదే చెప్పాను.

ఆయన పోయిన రోజు ఇల్లంతా వెతికినా ఒక్క చీమ లేదు. దుప్పటి మీద లేదు, గిన్నెల్లో లేదు, దూలం మీద లేదు. "వాటి పనైపోయింది, వెళ్ళిపోయాయి" అన్నారు అత్తయ్యగారు, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినంత మామూలుగా. మావారు అప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయనకి ఇరవైనాలుగేళ్ళు. ఆ మాట విని ఆయన వణకడం నేను చూశాను.

ఇక రెండేళ్ళ కిందట జరిగింది చెబుతాను. మే నెలలో ఆయన పాదాలు పొంగాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. ఒంటికి పోస్తే నురగ దిగకుండా నిలిచేది. తేజశ్రీ పట్టుబట్టి గూడెంలో పరీక్షలు చేయించి, ఏలూరులో కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టర్ మనస్వి అని చిన్నపిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. ఓపిగ్గా చెప్పింది. షుగరూ బీపీ కలిసి ఇన్నేళ్ళుగా కిడ్నీలని లోపల్లోపల తినేశాయట. వంద ఉండాల్సిన వడపోత ముప్ఫైరెండుకి వచ్చిందట.

"పోయింది వెనక్కి రాదండీ. ఉన్నది కాపాడుకోవాలి. ఉప్పు తగ్గించండి, నొప్పుల బిళ్ళలు ముట్టుకోకండి, బీపీ మాత్ర మానకండి. ఇంకోటి రాస్తున్నాను" అంది. అంతలో ఫైలు నంబరు కోసం నన్ను కౌంటరు దగ్గరికి పిలిచారు. తేజశ్రీ బయట పిల్లాడిని ఆడిస్తోంది. నేను తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ మాట చివర్లో ఉంది. "దీన్ని మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు. కిడ్నీ పాడవడాన్ని ఇది నెమ్మదిస్తుంది. డయాలిసిస్ ఎన్నేళ్ళు వెనక్కి నెట్టగలిగితే అంత మంచిది కదండీ" అంటోంది. మావారు బుద్ధిగా తలూపుతున్నారు.

"ఏం చెప్పింది ఆ మాత్ర గురించి?" అని బస్సులో అడిగాను.

"రోజూ వేసుకోమంది" అన్నారు. ఆయన చెప్పింది అంతే.

పేరు నోరు తిరగదు, డాపా అని మొదలవుతుంది. పసుపుపచ్చగా, నాలుగు పలకలుగా ఉండే చిన్న మాత్ర. నెలనెలా తేజశ్రీ గూడెంలో కొని బస్సులో పంపేది. పొద్దున్నే నేనే మాత్రల అట్ట చించి ఆయన అరచేతిలో వేసేదాన్ని. మొదటి వారంలోనే పాదాల పొంగు కొంచెం తీసింది. నేను సంతోషపడ్డాను.

ఎనిమిదో రోజు పొద్దున్న ఆయన దొడ్లోంచి ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. బూడిద కుప్ప దగ్గర వంగి ఉన్నారు. కుప్ప అంచంతా ఎర్రగా కదులుతోంది. అయిదేళ్ళుగా ఒక్క చీమ కనిపించని చోట చెయ్యి పెట్టే సందు లేదు. పరుగెత్తి మిషను తెచ్చి వేలు గుచ్చాను. నూట ముప్ఫైనాలుగు. కొత్త బ్యాటరీ వేసి మళ్ళీ గుచ్చాను. నూట ముప్ఫైరెండు. ఇద్దరం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆయన పాదంతో బూడిద కప్పెట్టి లోపలికి వచ్చేశారు.

మర్నాటి నుంచి ఆయన బాత్‌రూములోనే పోసుకోవడం మొదలుపెట్టారు. చీమలు బాత్‌రూముకి వచ్చాయి. తూము దగ్గర, గోడ పగులులో, ఆయన విడిచిన లుంగీ మీద. చీమల సుద్ద గీశాను. ఒక పూట ఆగి, గీత అరిగిన చోటు వెతుక్కుని దాటాయి. వంటింట్లో పంచదార డబ్బా మూత తీసి ఉన్నా అటు చూసేవి కావు. ఆ డబ్బా పక్కనుంచే వరస కట్టి ఆయన గది వైపు వెళ్ళేవి. నాకు అన్నం సయించడం మానేసింది.

జూలై చివర ఒక మధ్యాహ్నం. చుట్టుపక్కల చేపల చెరువుల్లో తవుడు వేసి మనుషులు వెళ్ళిపోయారు. గాలి లేదు, ఊరంతా నిద్రలో ఉన్నట్టుంది. ఆయన మంచం మీద పడుకుని ఉన్నారు. గుమ్మం దగ్గర నా కాలి కింద ఏదో మెదిలినట్టయి చూస్తే, దొడ్డి గడప నుంచి గది మధ్యగా ఒకటే గీత. సన్నగా, ఎర్రగా, తాడు పరిచినట్టు. మంచం కోడెక్కి, పట్టె మీదుగా వెళ్ళి, ఆయన లుంగీ అంచు దగ్గర ముగిసింది. కొన్ని ముందుకెళ్ళి మోకాలి మీద ఆగి ఉన్నాయి. కదలడం లేదు. ఆయన ముఖం చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. పైకప్పు వంక చూస్తున్నారు.

"ఎందాకా వచ్చాయి మాణిక్యం?" అన్నారు.

కొంగుతో దులిపాను. ఒక్కటీ కుట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి నాలుగు గిన్నెలు తీసి, నీళ్ళు పోసి, మంచం కోళ్ళు ఎత్తి పెట్టాను. నాలుగోది పెట్టాక తెలిసింది నేనేం చేస్తున్నానో. అత్తయ్యగారు చేసినట్టే చేశాను, అదే మూల నుంచి మొదలుపెట్టి.

మీరు అనచ్చు, డాక్టరుకి ఒక్క ఫోను కొట్టచ్చు కదా అని. తేజశ్రీ ఎన్నిసార్లు అందో ఆ మాట తర్వాత. ఏమని కొట్టను? మా ఆయన ఉచ్చకి చీమలు పడుతున్నాయమ్మా అని ఆ చదువుకున్న పిల్లతో ఎలా అనను? నవ్వుతుందనిపించింది. అంతకంటే ఎక్కువగా, ఆమె నవ్వకపోతే ఎలా అని భయమేసింది.

ఆగస్టులో కొల్లేరు నిండింది. ఉప్పుటేరు ఆ నీళ్ళని సముద్రంలోకి లాగలేదు, అవి వెనక్కి తన్ని మా పొలాలు రెండు వారాలు మునిగాయి. మా ఇల్లు మెరక మీద ఉంటుంది కాబట్టి గడప దాకా వచ్చి ఆగాయి. ఒక పొద్దున అరుగు మీద కూర్చుని చూస్తుంటే చేలోంచి ఏదో కొట్టుకొస్తోంది. కొబ్బరికాయంత ఉంది. ఎండుటాకుల ముద్దనుకున్నాను. దగ్గరికి వచ్చాక తెలిసింది, చీమలు. ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టి, నీళ్ళ మీద తేలుతూ వస్తున్నాయి. ఎదురుగా ఎత్తు మీద మూడిళ్ళున్నాయి. అటు గాలి కూడా వీస్తోంది. ఆ ముద్ద తిరిగి తిరిగి మా మెట్టుకే తగిలింది. తగిలి విడిపోయి, ఆరిపోయిన మెట్టెక్కి నడవడం మొదలుపెట్టింది. ఏ గదికో నాకు తెలుసు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఆ మాత్ర మొదలుపెట్టిన ఎనిమిదో రోజున చీమలు వచ్చాయి. మాత్రే ఆయన్ని లోపల్నుంచి తీపి చేస్తోంది, చంపుతోంది. మిషనుకి దొరకడం లేదు, డాక్టరుకి తెలియడం లేదు. అలా అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఆయనతో అంటే డాక్టరు మాట తప్పనంటారని భయం. తేజశ్రీ పురిటికి వచ్చినప్పుడు వేసుకోగా మిగిలిన ఫోలిక్ మాత్రలు బీరువాలో ఉన్నాయి. అవీ పసుపుపచ్చవే, చిన్నవే. పొద్దున్న ఆయన అరచేతిలో అది వేశాను. ఆయన చేతిలోకి చూశారు. నా ముఖంలోకి చూశారు. నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు. అసలు మాత్ర పెరటి కాలవలో విసిరేశాను.

అయిదో రోజుకి బాత్‌రూములో చీమలు పలచబడ్డాయి. పదో రోజుకి గిన్నెల్లో ఒక్కటీ లేదు. నేను గెలిచాననుకున్నాను. తేజశ్రీ పంపిన మాత్రలు నెలనెలా కాలవలోకి పోయాయి. ఫోలిక్ మాత్రలు అయిపోతే ముదినేపల్లి వెళ్ళి కొన్నాను. కొట్టతను "మళ్ళీ మనవడా అండీ?" అని నవ్వాడు, నేనూ నవ్వాను.

దసరా వెళ్ళాక ఒక సంగతి గమనించాను. అటక మీద నుంచి బెల్లం కుండ జారి పగిలింది. నేను నడుం నొప్పితో సాయంత్రం దాకా ఎత్తలేదు. బెల్లం ముక్కలు నేల మీద చెమర్చి, పాకం కారి, గచ్చంతా జిగురైంది. ఒక్క చీమ రాలేదు. మర్నాడు కావాలని అలాగే వదిలేశాను. రాలేదు. దొడ్లోకి వెళ్ళి కొబ్బరిచెట్టు మొదట్లో వెతికాను. పొరుగింటి గోడ మీద వరస వెళుతోంది. మా హద్దు దాకా వచ్చి, అక్కడ పక్కకి తిరిగి వెళ్ళిపోతోంది. మావయ్యగారు పోయిన రోజు ఇల్లు గుర్తుకొచ్చింది. వరద తర్వాత పుట్టలు కొట్టుకుపోయి ఉంటాయిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఆయన మాత్రం నెమ్మదిగా మారిపోతున్నారు. ముఖం రంగు తగ్గింది. ఏం వండినా ఇత్తడి వాసనొస్తోందనేవారు. వీపంతా దురద. కానీ షుగర్ చూస్తే తొంభై, ఎనభై. మా ఊరి ఆర్.ఎం.పి. నెల్సన్ వచ్చి చూసి, ఆయన ఎప్పట్నుంచో రోజూ పొడుచుకునే ఇన్సులిన్ ఇరవై నుంచి పదికి దించాడు. "బానే దిగుతోందండీ షుగరు. ఎందుకైనా మంచిది, ఓసారి ఏలూరు చూపించుకోండి" అన్నాడు. మొదటి మాటే విన్నాను నేను. రోడ్డు పాడైందని ఒకసారి, కోతలని ఒకసారి, నడుం నొప్పని ఒకసారి వాయిదా వేశాను. తేజశ్రీ ఫోను చేస్తే "మీ నాన్న షుగర్ పారిపోయింది" అని గొప్పలు చెప్పాను. మార్చిలో ఒక మధ్యాహ్నం ఆయన చెమటలతో తడిసిపోయి, నన్ను పట్టుకుని "అమ్మా, అవి వచ్చేశాయే" అన్నారు, వాళ్ళమ్మని పిలిచే గొంతుతో. మిషను యాభైరెండు చూపించింది. పంచదార నీళ్ళు తాగించాను. తేరుకున్నాక ఏమన్నారో గుర్తులేదన్నారు. నేను నేలంతా వెతికాను. ఏమీ లేవు.

ఆ సంగతి తెలిసి తేజశ్రీ ఊరుకోలేదు. మేలో వచ్చి ఇద్దరికీ పరీక్షలు రాయించి, దగ్గరుండి రక్తమూ మూత్రమూ ఇప్పించి, మర్నాడు మమ్మల్ని ఏలూరు బస్సెక్కించింది. దానికి పిల్లాడి జ్వరం, గూడెం వెళ్ళిపోవాల్సి వచ్చింది.

డాక్టరమ్మ కాగితాలు చూస్తోంది. నేను తొంగి చూశాను. మూత్రంలో షుగర్ అన్నచోట లేదు అని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె ముఖం మాత్రం ముడుచుకుంది.

"ప్రసాద్‌గారూ, పసుపుపచ్చ మాత్ర రోజూ వేసుకుంటున్నారాండీ?"

"వేసుకుంటున్నానండి."

"మరి మూత్రంలో షుగర్ లేదేంటండీ? ఆ మాత్ర చేసే పనే అది. అదనంగా ఉన్న షుగర్‌ని మూత్రంలోకి తోసేసి కిడ్నీ మీద బరువు తగ్గిస్తుంది. రక్తంలో ఎంత బాగున్నా సరే, అది వేసుకున్నవాళ్ళ మూత్రంలో షుగర్ కనిపించి తీరాలి. చీమలు పడుతున్నాయండీ అని కంగారుగా ఫోన్ చేస్తారు చాలామంది. మందు పనిచేస్తోందమ్మా, చీమలకి భయపడకండి అని చెప్తుంటాను."

నోరు తెరిచాను. ఏ మాటా రాలేదు. అలా అవడం నా జన్మలో అదే మొదలు.

"నేనే ఆపేశానండి" అన్నారు మావారు. నా వైపు చూడలేదు. "చీమలకి భయపడి ఆపేశాను. మా ఆవిడకి తెలియదు."

ఆమె కోప్పడింది. పెద్దాయనని కూడా చూడకుండా గట్టిగానే కోప్పడింది. వడపోత పంతొమ్మిదికి పడిపోయిందట. షుగర్ దిగింది జబ్బు తగ్గి కాదట. వేసిన ఇన్సులిన్‌ని ఒంట్లోంచి తీసేసేది కిడ్నీయేనట, అది చేతకాక ఊరుకుంటే ఇన్సులిన్ ఒంట్లోనే నిలవుండి షుగర్‌ని లాగేస్తుందట. మేం పండగ చేసుకున్న ఆ తొంభై, ఎనభై అంకెలు కిడ్నీ చచ్చిపోతున్న చప్పుడన్నమాట. ఆమె ఇంత కటువుగా అనలేదు, నాకు అలా వినపడింది.

"ఇవాళ్టి నుంచి మళ్ళీ వేస్తానండీ, నేను దగ్గరుండి వేస్తాను" అన్నాను.

"ముందు నుంచి వేసుకుంటున్నవాళ్ళకైతే ఈ దశలో కూడా కొనసాగిస్తామండీ. ఇంత దిగాక కొత్తగా మొదలుపెట్టం" అంది. "వేసుకుని ఉంటే పూర్తిగా ఆగేదని చెప్పను. నెమ్మదించేది."

తర్వాత మిగిలిన దారులు చెప్పింది. బీపీ మందులు, తిండి జాగ్రత్తలతో ఉన్నదాన్ని లాగినన్నాళ్ళు లాగడం. అది చాలనప్పుడు వారానికి మూడుసార్లు ఏలూరు వచ్చి నాలుగేసి గంటలు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవడం. లేదంటే పొట్టకి చిన్న గొట్టం అమర్చి, ఇంట్లోనే రోజుకి నాలుగుసార్లు సంచిలోని నీళ్ళు లోపలికి ఎక్కించి కొన్ని గంటలాగి తీసేయడం. లేదా ఎవరైనా కిడ్నీ ఇవ్వడం.

"నాది తీసేసుకోండి. ఇవాళే తీసుకోండి" అన్నాను. ఆమె నా కాగితం కూడా ముందు పెట్టుకుని చూసి, మెల్లగా చెప్పింది. నాకూ షుగర్ మొదలైందట. పనికిరానట. నా దగ్గరికి ఏ చీమా రాలేదు మరి.

"మీ రోడ్డు వర్షాలకి మునుగుతుందన్నారు కదా, మీకు ఇంట్లో చేసుకునేదే నయం" అంది డాక్టరమ్మ. "కానీ చేతులు శుభ్రంగా, సమయానికి, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి కావాలి. మాత్ర ఆపేసి వేసుకున్నానని చెప్పే మనిషి చేతికి నేను ఇవ్వలేను. ఎవరు చేస్తారు మీకు?"

"మా ఆవిడే చేస్తుందండి" అన్నారు.

"అయితే అమ్మగారూ, మిమ్మల్ని నమ్మి అప్పగిస్తున్నాను" అందామె నా చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు.

తిరుగు బస్సు ఎడ్లగాడి వంతెన మీద ఆగింది. ముందు చేపల లారీ చెడిపోయింది. కిందంతా గుర్రపుడెక్క, పచ్చగా, నీళ్ళు కనిపించకుండా. ఇక ఉండబట్టలేక చెప్పేశాను. ఫోలిక్ మాత్రల సంగతి, కాలవ సంగతి.

"తెలుసు" అన్నారు.

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. నువ్విచ్చింది గుండ్రంగా ఉంది."

"తెలిసీ ఎందుకు మింగారండీ? ఒక్క మాట అడగచ్చుగా!"

ఆయన కిటికీలోంచి గుర్రపుడెక్క వంకే చూస్తూ చెప్పారు. "డాక్టరమ్మ మొదటిసారే చెప్పింది మాణిక్యం. నువ్వు కౌంటరు దగ్గరికి వెళ్ళినప్పుడు. షుగర్ బయటికి పోతుంది, చీమలొస్తాయేమో, ఏం కాదు అంది. విన్నాను. కానీ అవి మంచం ఎక్కేసరికి నాన్న గుర్తొచ్చాడు. ఆ మాత్ర వేసుకోవడం నా వల్ల కాలేదు. ఆపుతానని అనడానికీ నోరు రాలేదు. నువ్వు మార్చి ఇచ్చావు. హమ్మయ్య అనుకున్నాను. నీకు ఆ మాట చెబితే నువ్వు మళ్ళీ అసలుది ఇచ్చేస్తావు కదా. అందుకని చెప్పలేదు."

నాకు కోపం వచ్చింది. బస్సులో అందరూ తిరిగి చూసేలా ఏడుస్తూ తిట్టాను. తొమ్మిది నెలలు, రోజూ పొద్దున్న, నేను ఆయన్ని మోసం చేస్తున్నానని తెలిసి ఆయన చెయ్యి చాచారు. నేను వేశాను. ఆయన చూశారు, మింగారు, నీళ్ళ గ్లాసు తిరిగి ఇచ్చారు. ఇద్దరం ఒకే గదిలో ఒకే భయంతో తిరిగాం, ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఊరందరి మీదా అరిచే నోరు ఆ ఒక్కటీ అడగడానికి రాలేదు. ఆ పొద్దుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు చీమలకి వేసినదానికంటే ఎక్కువ భయమేస్తుంది.

మందులతో తర్వాతి ఫిబ్రవరి దాకా లాగారు. అప్పుడు వాంతులు పట్టుకుని, పొట్టకి గొట్టం అమర్చారు. లక్ష్మీదుర్గ అని నర్సు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు నేర్పింది. గదికి సున్నం వేయించి, తలుపు మూసి, ఫ్యాను ఆపి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా చేతులు కడుక్కుని చెయ్యాలి. క్రిమి లోపలికి పోతే ప్రాణం మీదకి వస్తుంది. "ఆ సంచిలో ఏం నీళ్ళమ్మా?" అని అడిగితే, "గ్లూకోజు కలిపిన నీళ్ళండీ. ఆ తీపే ఒంట్లో చెడు నీటిని లాగుతుంది" అంది. మేం ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ఈసారి ఆయనే పైకి అన్నారు, "నాకు భయంగా ఉంది మాణిక్యం" అని. "నాకూ" అన్నాను.

అయిదో రోజు నర్సు లేదు. మొదటిసారి నా ఒక్కదాని చేత్తో సంచి ఎత్తి కొక్కేనికి తగిలించబోయాను.

"ఆగు. ఏదీ, ఇలా చూపించు" అన్నారు.

పోయినేడు తెలిసి కూడా ఒక్క మాట అడగని మనిషి, దిండుకి జారబడి, కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, సంచి మీద అంకెలూ, తేదీ, ఇంగ్లీషు అక్షరాలూ కూడబలుక్కుంటూ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. నా చేతి మీద అనుమానంతో అలా ఎవరు చూసినా ఒకప్పుడు ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. సంచి రెండు లీటర్ల బరువు, భుజం లాగుతోంది.

"నిదానంగా చదవండి" అన్నాను. ఆయన చివరి అక్షరం దాకా చదివేవరకు దాన్ని ఆయన కళ్ళ ముందు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.